ఎవరూ లేపలేనంత నిద్ర

"మాస్టారు వచ్చేశారు. చెప్పులు విప్పుతున్నారు," అంటూ అత్తగారు వంటింట్లోకి తొంగిచూసింది. "ఆ మొహం కాస్త మామూలుగా పెట్టుకో."

కోడలు స్టవ్ ఆపేసింది. "నేను ఒప్పుకోనని పొద్దున్నే చెప్పాను అత్తయ్యా."

"నీ ఒప్పుకోలు ఎవరికి కావాలి? కన్నది నేను."

"డాక్టరుగారు ఏమన్నారో విన్నారుగా. గొంతులో ఏ లోపమూ లేదు, బెదరగొట్టకండి, తనంతట తానే..."

"పంతొమ్మిది రోజులు!" అత్తగారి గొంతు పైకి లేవబోయి మళ్ళీ గుసగుసలోకి దిగిపోయింది. "పంతొమ్మిది రోజులైంది నా కూతురు నన్ను అమ్మా అని పిలిచి. లోపం గొంతులో లేకపోతే ఇంకెక్కడుంది? అది కనుక్కోవడానికే ఆయన్ని రమ్మన్నాను. నువ్వు రోజూ జనం చేతుల్లోంచి రక్తం లాగి గొట్టాల్లో పోసి చూస్తావే, దాంట్లో కనపడే సంగతి కాదిది."

"అంటే మన మైకుకి దెయ్యం పట్టిందంటారా?"

అత్తగారు చెయ్యి చాచి కోడలి నోటికి అడ్డం పెట్టి, లోపలి గది వైపు చూసింది.

ఆ గది తలుపు నెమ్మదిగా మూసుకుంటోంది. నెల క్రితం వరకూ ఆ తలుపు తెరిచినా మూసినా వీధి చివరిదాకా కీచుమనేది. ఇప్పుడు చప్పుడు లేదు. మైకు ఎప్పుడో ఒంటరిగా కూర్చుని దాని బందులకి నూనె వేసింది. గోడ గడియారంలోంచి బ్యాటరీ తీసేసింది. కుర్చీ కాళ్ళకి గుడ్డపేలికలు చుట్టింది. తన చుట్టూ చప్పుడు చేసేవాటిని ఒక్కొక్కదాన్నే ఆపేస్తూ వచ్చింది.

మైకు అన్నది చర్చి యువజన కూడికలో స్నేహితులు పెట్టిన పేరు. టైర్ల షాపు పైన ఉన్న హాలులో ఒక ఆదివారం కరెంటు పోతే, ఆమె పాట కింద టైర్లు మార్చుకునేవాళ్ళకి కూడా వినపడిందట. "దీన్ని ఆఫ్ చేసే బటన్ ఎక్కడుందో చెప్పండిరా బాబూ," అని అన్న రోజూ ఏడిపించేవాడు. ఇప్పుడు ఆ అన్న ముందుగదిలో కూర్చుని, ఆ జోకు తలుచుకున్నప్పుడల్లా తల వంచుకుంటున్నాడు.

పంతొమ్మిది రోజుల క్రితం, అందరూ పిచ్చుక అని పిలిచే స్నేహితురాలి భూస్థాపనకి వెళ్ళి వచ్చింది మైకు. ఇద్దరిదీ ఒకటే వయసు, ఒకటే బెంచీ. గుమ్మంలో అడుగు పెట్టగానే తల్లి "కాస్త ఏమైనా తింటావా?" అని అడిగింది. మైకు రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. అంతే. కాగితం, పెన్ను ఇస్తే కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. అదే అందర్నీ ఎక్కువ భయపెట్టింది.

మాస్టారు దెయ్యాల్ని వదిలించే విడుదల ప్రార్థనలు చేస్తారని పేరు. ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు నేర్పిన మనిషి, ఒక్క విజిల్‌తో వెయ్యిమంది పిల్లల్ని వరుసలో నిలబెట్టినవాడు. ఆ గొంతు ఇప్పటికీ అలాగే ఉంది. గది నడిమధ్య నిలబడి ఆయన దగ్గితేనే కిటికీ అద్దం అదిరింది.

మైకు మంచం అంచున కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరగా, చేతులు ఒళ్ళో.

"ఏమండీ, మీరైనా చెప్పండి," అంది కోడలు భర్తతో, గుమ్మంలోనే ఆగి.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇరవై అంతస్తుల మధ్య వేలాడుతూ పనిచెయ్యడానికి జంకడు గానీ, తల్లికీ భార్యకీ మధ్య నిలబడమంటే వణుకు. "ఒక్కసారి చెయ్యనిద్దాం. ప్రార్థనే కదా. నష్టమేముంది?" అన్నాడు.

"మాట్లాడు!" అన్నారు మాస్టారు.

ఆ అరుపుకి అత్తగారే ఒకడుగు వెనక్కి వేసింది.

"నువ్వెవరైనా సరే, ఏ పేరుతో వచ్చినా సరే, ఈ బిడ్డ నోరు విడిచిపెట్టు. మాట్లాడు!"

మైకు కదల్లేదు. ఆయన మూడోసారి అరిచినప్పుడు మాత్రం తల ఎత్తి ఆయన వైపు చూసింది. ఆ చూపులో పగ గానీ పిచ్చి గానీ లేవు. రోడ్డు మీద పరధ్యానంగా నడుస్తున్న ముసలాయన్ని పక్కకి లాగేముందు చూసే చూపులా ఉంది. నెమ్మదిగా లేచి నిలబడింది. మాస్టారి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ అరచేతిని తన నోటిమీద పెట్టుకుని గట్టిగా అదుముకుంది.

అలా ఎంతసేపు నిలబడ్డారో. మాస్టారి పెదవులు కదలడం ఆగిపోయింది. మెడ మీద చెమట పట్టింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోతే ఆమె వదల్లేదు. కళ్ళతోనే ఏదో బతిమాలుతోంది.

"వదులు తల్లీ," అన్నారు ఆయన చివరికి. అది డ్రిల్లు మాస్టారి గొంతు కాదు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు వెంటపడింది. "ఏముంది మాస్టారూ దాంట్లో? ఉపవాసం ఉండమంటే ఉంటాం. ఎన్ని రోజులైనా ఉంటాం."

"నలభై ఏళ్ళలో చాలామందిని చూశానమ్మా. కేకలు పెట్టినవాళ్ళున్నారు, నన్ను కొట్టినవాళ్ళున్నారు. ఇలా ఎవరూ చెయ్యలేదు." ఆయన తన అరచేతిని చూసుకున్నారు. "ఈ పిల్లలో ఎవరూ లేరు. ఉన్నది భయం. అది కూడా తన కోసం కాదు. ఎవరికో దెబ్బ తగలకుండా అడ్డం నిలబడ్డట్టుంది. ఎవరికో మీరే కనుక్కోవాలి."

టీ తాగమన్నా ఆగలేదు.

"నువ్వు ముందునుంచీ అడ్డం చెప్పబట్టే," అంది అత్తగారు కోడలితో, తలుపు వేస్తూ. "ఇంట్లో ఒకరికి నమ్మకం లేకపోతే ప్రార్థన పనిచెయ్యదు."

"ప్రతి శనివారం ఆసుపత్రికి కూడిక పిల్లల్ని వెంటబెట్టుకుపోయి మంచం మంచానికీ ప్రార్థన చేయిస్తున్నది నేను. నాకు నమ్మకం లేదా అత్తయ్యా?"

"ఊరివాళ్ళ మంచాలన్నీ అయ్యాయి. మనింటి మంచమే మిగిలిపోయింది."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. భర్త లేచి, ఎందుకో ఫ్యాను ఆపి, మళ్ళీ వేశాడు.

కోడలు లోపలికి వెళ్ళేసరికి మైకు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దిండు పక్కన బైబిలు. పుటల మధ్య నుంచి ఒక కాగితం కొస బయటికి కనిపిస్తోంది. సర్దుదామని పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది.

పిచ్చుక భూస్థాపన రోజున పంచిన కార్డు. మూలన చిన్న ఫోటో, నర్సింగ్ కాలేజీ యూనిఫాంలో నవ్వుతూ. కింద నాలుగు వరుసలు. చివరి వరుసలో "ప్రభువునందు నిద్రించినది" అని అచ్చువేశారు.

"నిద్రించినది" అన్న మాట కింద పెన్నుతో గీత. ఒక గీత కాదు. గీసిన చోటే మళ్ళీ మళ్ళీ గీసి, గీసి, కాగితం చిరిగిపోయింది. ఆ సందులోంచి కోడలి వేలు కనపడుతోంది.

ఆమె మంచం మీద కూర్చుంది.

భూస్థాపనకి వారం రోజుల ముందు ఉపవాస కూడిక పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం వరకూ. హాలు నిండా రబ్బరు వాసన. ప్రార్థన మనవులు చీటీల మీద రాయించి, ఒక్కొక్కటీ పైకి చదివింది కూడిక నడిపే కోడలే. పరీక్షలు, ఉద్యోగాలు, తాగే నాన్నలు, పలకరించని స్నేహితులు. వాటి మధ్యలో ఒకటి, చిన్న చిన్న అక్షరాలతో: "రెండేళ్ళుగా నిద్ర లేదు. మందులు వేసుకున్నా లేదు. దయచేసి నిద్ర కోసం ప్రార్థించండి." సిగ్గుపడుతూ పిచ్చుక లేచి నిలబడింది. ఎవరు చేస్తారు అని కోడలు అడిగేలోపే మైకు వెళ్ళి స్నేహితురాలి తలమీద చెయ్యి పెట్టింది.

"ప్రభువా, దీనికి నిద్ర ఇయ్యి. మామూలు నిద్ర కాదు. ఎవరూ లేపలేనంత నిద్ర ఇయ్యి."

అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. నవ్వుతూనే అందరూ ఆమెన్ అన్నారు.

ఆరో రోజు పొద్దున్న పిచ్చుకని తల్లి లేపితే లేవలేదు.

"మైకూ," అంది కోడలు. "ఇదా? ఇన్నాళ్ళూ దీన్నా నువ్వు మోస్తున్నది?"

ఇటువైపున్న వీపు బిగుసుకుంది.

"నీ మాట వల్ల కాదే. గుండె జబ్బు. పుట్టినప్పటినుంచీ ఉందిట, ఎవరికీ తెలీలేదు. డాక్టరు రాసిచ్చాడు."

మైకు మోకాళ్ళు ఇంకా దగ్గరికి ముడుచుకుంది.

"ఇటు చూడు. ఆ రోజు అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నదెవరో తెలుసా? నేను. నీ మాట చంపితే, ఆ మాట మీద సంతకం పెట్టినదాన్ని నేను. మరి నేను మాట్లాడుతున్నానుగా? అన్నం వండుతున్నానుగా? మీ అమ్మతో పోట్లాడుతున్నానుగా?"

మైకు ఇటు తిరిగింది. పెదవులు తెరుచుకున్నాయి. లోపల నాలుక పైకి లేచి, ఏదో అక్షరానికి సిద్ధమైంది. కోడలు ముందుకి వంగింది.

అప్పుడే కోడలి ఫోన్ మోగింది.

తెర మీద "పిచ్చుక" అని వచ్చింది.

ఇద్దరూ ఆ పేరు చూశారు. మైకు రెండు చేతులూ మళ్ళీ నోటిమీదికి వెళ్ళిపోయాయి. ఫోన్ మోగుతూనే ఉంది. తీస్తే అవతల ఏ గొంతు వినాలో ఊహించుకోవడానికి కూడా కోడలికి ధైర్యం చాలలేదు. ఆగిపోతే బాగుండుననుకుంది. ఆగలేదు.

"హలో."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, "నేనమ్మా, దాని అమ్మని. నా ఫోన్ పాడైపోయింది. దీంతో చేస్తున్నాను."

"చెప్పండి ఆంటీ."

"మీ మైకుని ఒకసారి తీసుకొస్తావా? ఇవాళే. దాంతో ఒక పనుంది."

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "చచ్చినా పంపను. ఆ తల్లి కడుపుమంటలో ఏమంటుందో! నా కూతుర్ని నిలబెట్టి శపిస్తుంది."

"తిడితే తిట్టనీండి అత్తయ్యా. తిట్టించుకుంటేనన్నా తేలికపడుతుందేమో."

"నీకు బిడ్డలు లేరు. నీకేం తెలుసు?"

ముందుగదిలోంచి భర్త "అమ్మా!" అన్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో తల్లి మీద అతను గొంతు పెంచడం అదే మొదలు. అత్తగారు తాను అన్నమాట తనకే వినపడినట్టు గోడకి ఆనుకుంది.

మైకు మంచం దిగింది. దువ్వెన తీసి జుట్టు దువ్వుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగింది.

పిచ్చుక వాళ్ళది మూడో అంతస్తు. మధ్యాహ్నం రెండు గంటలు. మెట్లమీద ఎండ పడుతోంది. కింద ఎవరో బకెట్లు కడుగుతున్నారు. బెల్లు కొట్టకముందే తలుపు తెరుచుకుంది.

"మెట్లమీద అడుగులు వినపడ్డాయి," అంది పిచ్చుక తల్లి. "ఈమధ్య నాకన్నీ వినపడుతున్నాయి."

ఆమె స్కూలు యూనిఫాంలు కుట్టే దర్జీ. ఎప్పుడు వచ్చినా నేలంతా నీలం గుడ్డముక్కలు, దారాలు, నోట్లో గుండుసూదులు పట్టుకుని మాట్లాడే ఆమె. ఇవాళ నేల తుడిచినట్టు శుభ్రంగా ఉంది. మిషను మీద ముసుగు. గోడవారన కుట్టేసిన యూనిఫాంలు కట్టలు కట్టి, ఒక్కో కట్ట మీద ఇంటి నంబరు రాసి పెట్టి ఉన్నాయి.

"అన్నీ అయిపోయాయా ఆంటీ?"

"అయిపోయాయి. కొత్తవి తీసుకోవడం లేదు."

కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. మంచినీళ్ళు తెస్తానని ఆమె లోపలికి వెళ్తే, కోడలి చూపు ఫ్రిజ్ మీద పడింది. దాన్ని కడిగి, ఆరబెట్టి, తలుపు మూసుకుపోకుండా మడిచిన తువ్వాలు అడ్డం పెట్టారు. లోపల దీపం వెలగడం లేదు.

"ఊరెళ్తున్నారా?"

"లేదమ్మా."

గ్లాసులు ముందు పెట్టి, మైకుకి ఎదురుగా కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వి ఉంది. మొహం కడుక్కుని ఉంది. కళ్ళ కింద మాత్రం ఎవరో బొగ్గుతో రుద్దినట్టు నలుపు.

"నువ్వు మాట్లాడటం లేదట కదా. కూడిక పిల్లలు చెప్పారు." ఆ గొంతులో కోపం లేదు. "నేను తిడతాననుకున్నావా? పిచ్చిపిల్లా. నీకు తెలీని సంగతి ఒకటుంది. చెప్పాలనే పిలిచాను."

మైకు నోటికి అడ్డంగా చేతులు.

"నువ్వు ప్రార్థన చేసిన రోజు ఇంటికొచ్చి అది తొమ్మిదింటికే పడుకుంది. రెండేళ్ళ తర్వాత. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను. మర్నాడు లేచి, 'అమ్మా, మైకు చేసింది పనిచేసిందే' అని ఇల్లంతా గంతులు. అయిదు రోజులు అలాగే. నా కూతురు నవ్వుతూ నిద్రలేవడం నేను మళ్ళీ చూశాను. ఆరో రోజు మొహం కూడా..." ఆమె ఆగింది. "భయపడ్డట్టు లేదు. హాయిగా ఉంది."

కోడలి కళ్ళు నిండాయి. ఇది క్షమాపణే, ఇందుకే పిలిచింది ఈ తల్లి, అనుకుంది. మైకు చేతులు నోటిమీది నుంచి కొంచెం కిందికి జారాయి.

"అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు," అంది ఆమె. "ఒక్క కునుకు కూడా లేదు. అందుకని, మా దానికి చేసినట్టే నాకూ చెయ్యి. అవే మాటలు. ఒక్కటి కూడా మార్చకు."

కింద బకెట్ల చప్పుడు ఆగిపోయింది.

"ఆంటీ," అంది కోడలు లేచి. యూనిఫాం కట్టలూ, ఆపేసిన ఫ్రిజ్, మూసిన కర్టెన్లూ ఒక్కసారిగా ఆమెకి అర్థమయ్యాయి. "లేవండి. మా ఇంటికి పోదాం. మా అత్తయ్య ఉంది, నాలుగు రోజులు ఉందురుగాని. రేపు నేను డాక్టరు దగ్గరికి..."

"నిన్ను కాదమ్మా అడిగింది."

మెత్తగానే అంది. కానీ కోడలి కాళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి.

మైకు కుర్చీలోంచి లేచింది. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి ఎత్తి ఆమె తలమీద పెట్టింది. ఆపాలో, ఆపకూడదో కోడలికి తెలియలేదు. ఆ గొంతు వినాలని పంతొమ్మిది రోజులుగా చేసిన ప్రార్థన ఒక పక్క. ఇప్పుడు ఆ నోట్లోంచి ఏ మాట వస్తుందోనన్న వణుకు ఒక పక్క.

చాలాకాలం తిప్పని కుళాయిలోంచి ముందు గాలి వచ్చినట్టు, ముందు ఊపిరి వచ్చింది. తర్వాత మాట.

"ప్రభువా..."

బొంగురుగా, సన్నగా ఉంది. మైకు గొంతని చెబితే తప్ప ఎవరూ నమ్మరు.

"ప్రభువా, ఈ అమ్మని మెలకువగా ఉంచు." ఆమె గుటక వేసింది. "నేను రేపు వస్తాను. రేపటిదాకా ఉంచు. ఎల్లుండి కూడా వస్తాను. ఎల్లుండిదాకా ఉంచు. నేను వచ్చిన ప్రతిసారీ ఈమె లేచి తలుపు తీసేలా ఉంచు. నాకింకేం అడగడం తెలీదు. ఇంత చాలు."

"ఆమెన్," అంది కోడలు. పెదవులు దాటిందో లేదో ఆమెకే తెలియలేదు.

పిచ్చుక తల్లి కళ్ళు తెరిచింది. మైకు చేతిని తన తలమీద నుంచి జాగ్రత్తగా తీసి, ఆమె ఒళ్ళో పెట్టింది.

"నేనడిగింది ఇది కాదు."

లేచింది. చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. గుమ్మం దాకా నడిచి, తలుపు మూసి, పైగడియ పెట్టింది. కింది గడియ కూడా పెట్టింది. తిరిగి వచ్చి అదే కుర్చీలో, అలాగే వీపు నిటారుగా కూర్చుని, తల వంచింది.

"మళ్ళీ చెయ్యి," అంది.